దీవి చరిత్ర దీవి మనుషులదే
(ప్రసంగ పాఠం)



కోనసీమ అంటే కొబ్బరితోటలూ, పడవలూ అని సినిమాలు చెప్పాయి. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, దిగువన సముద్రం పెట్టుకుని, 1986 వరదనూ 1996 నవంబరు 6 తుపానునూ తట్టుకున్న మనుషులం మనం. మన చరిత్ర ఎవరు రాయాలి?

స్కాట్లాండ్‌ను చూడండి. అక్కడి కొండసీమలో క్లాన్‌లనే వంశాలుండేవి. 1746లో కలోడెన్ యుద్ధం తర్వాత వాళ్ల దుస్తుల్నీ నిషేధించారు. 1782 దాకా ఆ నిషేధం నడిచింది. గొర్రెల మేతకోసం భూస్వాములు ఊళ్లే ఖాళీ చేయించారు. 1930 ఆగస్టు 29న సెయింట్ కిల్డా దీవి నుంచి ఆఖరి 36 మంది వెళ్లిపోయారు. ఇవాళ అవే గళ్ల బట్టలు టూరిస్టులకు అమ్ముతున్నారు! ఎగ్ దీవి జనం మాత్రం 1997లో ట్రస్టు పెట్టి తమ దీవిని తామే కొనుక్కున్నారు.

మనకేం తక్కువ? కనుమనాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల రుద్రుల ప్రభలొస్తాయి. గంగలకుర్రు ప్రభను కౌశిక నీళ్లలోంచి భుజాలమీద దాటిస్తారు. 2023 రిపబ్లిక్ డే శకటంగా ఢిల్లీ కూడా చూసింది. సంతోషమే. కానీ గోదావరి కోతకు లంక భూములు కరిగిపోతుంటే, ఆ దుఃఖాన్ని ఏ శకటం చూపిస్తుంది?

విద్యార్థులూ, ఉద్యోగులూ! ఊరికో పుస్తకం తెరవండి. అగ్రహారాల ఇంటిపేర్లే కాదు, పడవ నడిపినవాళ్లవీ, దింపు కార్మికులవీ, లంక కౌలురైతులవీ, దళితవాడలవీ రాయండి. ఏట్లో కలిసిన రేవుల పేర్లూ రాయండి. మనిషికి నిలువనీడ లేనిచోట వారసత్వమంటే ఉత్త బొమ్మల కొలువే!