జోడు కఱచినప్పుడు



నేడు నేను మనవి చేయబోవు విషయము మన దేహమున మిక్కిలి క్రిందనున్న మడమకు సంబంధించినది. కొత్త చెప్పు కఱచుట మనలో నెవ్వరికిని కొత్త గాదు. కఱచినను ఓర్చుకొనవలయునని పెద్దలు చెప్పుటయు కొత్త గాదు. అట్లు చెప్పి నేను చేసిన తప్పిదమును మీ యెదుట ఒప్పుకొని, దానివలన నేర్చిన నాలుగు మాటలు చెప్పుటయే నా ఉద్దేశము.

నేను బందరు కాలువ నీటితో పండెడి పల్లెటూరివాడను. చిరకాలము బడిలో పాఠములు చెప్పితిని, వైద్యుడను గాను. నా కుమారుడు కెనడా దేశపు రాజధానియగు ఒట్టావా నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. ఒక శీతకాలము నేనచట గడిపితిని. ఆ నగరము నడుమ రీడో కాలువ యనునది కలదు. అది 1832వ సంవత్సరమున పూర్తియైనది. అనగా మన కృష్ణ ఆనకట్ట పూర్తియైన 1855నకు ఇరువదిమూడేండ్లు ముందుది. వేసవిలో అందు పడవలు నడచును. చలికాలమున నీరు ఱాయివలె గడ్డకట్టును. అప్పుడు దానిపై 7.8 కిలోమీటర్ల పొడవున, అనగా మన యెడ్లబండికి రెండు గంటల దారి, జారుడు బాట యేర్పఱతురు. 1970-71 శీతకాలము మొదలుకొని ఇది జరుగుచున్నది. 2022-23లో మాత్రము చలి చాలక బాటను తెఱవలేదు. పిల్లలు, ముసలివారు, ఉద్యోగస్థులు ఆ మంచుపై జారుచు పోవుట చూచి, మన కాలువ గట్టున పుట్టిన నాకు నోట మాట రాలేదు.

ఆ యాటకు వలయు జోడును స్కేట్లందురు. వాని అడుగున ఉక్కు అలుగు బిగించియుండును. అంత సన్నని అలుగుపై నిలుచునప్పుడు చీలమండ బెణకకుండుటకై, ఆ జోడును పాదముపైనను మడమచుట్టును కొయ్యవలె బిఱుసుగా చేయుదురు. పదునొకండేండ్ల నా మనుమరాలికి ఆ యేడు కొత్త స్కేట్లు కొనిరి. "పెరుగు పిల్ల, ఒక సైజు పెద్దవి కొనుడు, రెండేండ్లు వచ్చును" అని చెప్పినవాడను నేనే.

మూడవనాడు ఆమె కుంటుచు వచ్చి, "తాతయ్యా, జోడు కఱచుచున్నది" అనెను. "అమ్మా, మా చిన్ననాట కిఱ్ఱు చెప్పులు ఇంతకంటె కఱచెడివి. ఆముదము పట్టించి తొడిగితిమి. నాలుగునాళ్లు ఓర్చుకొనుము, తోలే లొంగును" అంటిని. ఆ పిల్ల మఱి మాటాడలేదు. ఎంత గట్టి పిల్లయని నేను నలుగురిలో మెచ్చుకొంటిని. పది దినములకు మా కోడలు ఉతుకబోయిన మేజోడుపై నెత్తురు చూచెను. మడమ వెనుక బొబ్బ పగిలి, దాని క్రింద ఉసిరికాయంత వాపు గట్టిపడియుండెను. "చెప్పలేదేమమ్మా?" యని యడుగగా, "తాతయ్య మెచ్చుకొనుచున్నాడు గదా" యనెను. ఆ మాట నేనింతవఱకు మఱవలేదు.

వైద్యుడు చూచి చెప్పిన సంగతి యిది. పిక్క కండలు క్రిందికి వచ్చి యొక లావాటి స్నాయువై మడమయెముక వెనుక అతుకుకొనియున్నవి. నడచునప్పుడు మడమను ఎత్తునది అదియే. ఆ స్నాయువునకును ఎముకకును నడుమ, ఒరపిడి తగ్గించుటకై చిన్న ద్రవపు సంచి కలదు. బిఱుసైన జోడు అంచు అచ్చట మాటిమాటికి రాచుకొన్నచో మొదట చర్మము బొబ్బలెక్కును, పిదప సంచి వాచును, స్నాయువును నొచ్చును. కొందఱికి మడమయెముక వెనుకభాగము పుట్టుకతోనే కొంత పొడుచుకొని యుండును. వారికి ఈ బాధ త్వరగా కలుగును. స్వీడను దేశపు శస్త్రవైద్యుడు హాగ్లుండు 1927లో దీనిని వర్ణించెను. మఱియు ఎనిమిది మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు మడమయెముక యింకను పెరుగుచుండుటచే, జోడు దోషము లేకున్నను ఆటలవలన నొప్పి రావచ్చును. కావున పిల్లలు మడమ నొప్పి యన్నప్పుడు సాకని తలపరాదు.

పిమ్మట జోళ్లు బాగుచేయు పనివాని కడకు పోతిమి. జోడు బిగువై కఱచెనని నేననుకొంటిని. అతడు చూపినది వేఱు: పాదము ముందు బిగువు, మడమ వదులు. అడుగు తీసిన ప్రతిసారియు మడమ లేచి పడుచు అంచుకు రాచుకొనుచున్నది. ఇది వినగానే నాకు మా యింటి యెడ్లు జ్ఞప్తికి వచ్చినవి. సరిగా కుదురని కాడి కదలి కదలి మెడను పుండు చేయును. మెడ పుండైన యెద్దును ఏ రైతును కాడికి కట్టడు. ఎద్దునకు చూపెడి కనికరము నేను పసిపిల్లకు చూపనైతిని.

ఇక చికిత్స. మొదటి మందు ఒరపిడిని మానుట. నొప్పి తగ్గువఱకు మడమ వెనుక అంచులేని చెప్పు తొడుగవలెను. వాపుపై మంచుగడ్డను గుడ్డలో చుట్టి పదునైదు నిమిషముల చొప్పున దినమునకు రెండు మూడు సారులు ఉంచవలెను; మంచును నేరుగా చర్మమునకు తగిలింపరాదు. పగులని బొబ్బను చిదుపరాదు. పగిలినదానిని సబ్బునీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టవలెను. నల్లజీడి రసము పూయుట, కాయగట్టిన తోలును బ్లేడుతో కోయుట మన పల్లెలలో కలవు. రెండును కీడు చేయును. తక్షణము తగ్గునని స్నాయువులో స్టెరాయిడు సూది వేయించుకొనరాదు. దానివలన స్నాయువు తెగు ప్రమాదము కలదు.

నొప్పి తగ్గిన పిమ్మట గోడకు చేతులానించి, నొచ్చిన కాలిని వెనుకకు చాచి, మోకాలు వంచక, మడమ నేలకు ఆనించి ముప్పది లెక్కించువఱకు నిలువవలెను. ఇట్లు మూడుమాఱులు. కొన్నినాళ్లకు సమనేలపై మునివేళ్ల మీద లేచి మెల్లగా దిగుట అభ్యసింపవలెను. స్నాయువు బలపడుటకు వారములు పట్టును, తొందర పనికిరాదు.

జోడును గూడ చక్కజేయవలెను. అది యెచ్చట తగులుచున్నదో తెలిసికొను ఉపాయము సులభము. చర్మము పగులని యెడల వాపుపై కొంచెము కుంకుమ తడిపి యద్ది, కాలు జోటిలో పెట్టి తీయవలెను. లోపల కుంకుమ యంటినచోటనే పనివానిచే తోలును వెలుపలికి సాగదీయింపవలెను. తగులుచోటున మెత్త పెట్టుట కంటె, దాని చుట్టును నడుమ రంధ్రముగల మెత్త పెట్టుట మేలు. జోడు కొనునప్పుడు, సాయంకాలము పాదము కొంత పొంగియున్నవేళ, రెండు పాదములును కొలిపించి, పెద్దదానికి తగినది తీసికొనవలెను. మడమ లేవరాదు, వ్రేళ్లు నలుగరాదు. కొత్తజోడును మొదట అరగంట తొడిగి, దినదినము కొంచెముగా పెంచుకొనవలెను.

మన యూళ్లలో మంచు లేదు; కాని బడిపిల్లల బిఱుసు బూట్లు కలవు, కిఱ్ఱు చెప్పులు కలవు. మధుమేహముగల పెద్దలకు ప్రత్యేకముగ చెప్పుచున్నాను: మీ పాదమునకు స్పర్శ తగ్గియుండవచ్చును, జోడు కఱచినను తెలియదు. ప్రతిరాత్రియు మడమను చూచుకొనుడు. వంగలేనివారు అద్దము పెట్టుకొనుడు. చిన్న పుండైనను ఆలసింపక వైద్యునికి చూపుడు. మడమ వెనుక కఱ్ఱతో కొట్టినట్లయి మునివేళ్లపై నిలువలేకున్నను, వాపు ఎఱ్ఱబడి జ్వరము వచ్చినను, ఆనాడే పోవలెను. పిల్ల రెండు వారములకు మించి కుంటినచో చూపక యుండరాదు.

నా మనుమరాలి మడమ ఆఱు వారములకు నెమ్మదించెను. కాని అప్పటికి కాలువ మంచు కరగి, ఆ యేటి ఆట ముగిసెను. మఱుసటి శీతకాలమున, సరియైన జోడు తొడిగి కాలువ కొననుండి కొనకు జారితినని ఆమె ఫోనులో చెప్పెను. "మడమ నొచ్చినదా, తల్లీ?" యని మొదట అడిగితిని. "నొచ్చిన చెప్పనా, తాతయ్యా?" అనెను.

పిల్లలు నొప్పి చెప్పినప్పుడు వినుట పెద్దల ధర్మము. సెలవు.