పని పోయేది ముందు ఎవరికి?



నల్లగొండ, పాలమూరు నేల మీద వలస తెలియని ఊరు అరుదు. దేవరకొండ తండాల నుంచి, నారాయణపేట, కొడంగల్ పల్లెల నుంచి బొంబాయికో పుణెకో పోయి వచ్చిన అమ్మానాన్నలు ఈ స్నాతకోత్సవ సభలోనూ ఉండే ఉంటారు. దేశం ‘పాలమూరు లేబర్’ అని పిలిచింది వాళ్లనే. డ్యాములు, కాలువలు, రోడ్లు వాళ్ల చెమటతో లేచాయి. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా సైటు విడిచి రాలేని బతుకు అది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రతి కూలీకీ ఫొటో అతికించిన పాస్‌బుక్ ఇవ్వాలంది. అది ఎందరి చేతికి వచ్చిందో ఇంటికెళ్లి మీ పెద్దలను అడగండి.

2020 మార్చి 25న కోవిడ్ లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో దేశ ఆర్థిక వ్యవస్థ దాదాపు 24 శాతం కుంగింది. కష్టం అందరిదీ అన్నారు. ఆర్థికవేత్తలు అశ్వినీ దేశ్‌పాండే, రాజేశ్ రామచంద్రన్ ఆ ఏప్రిల్ లెక్కలు తీస్తే మరో సంగతి బయటపడింది. పనులు పోవడం అగ్రకులాలతో పోలిస్తే దళితుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. రోజుకూలీలో, కాగితం లేని కొలువుల్లో ఉన్నవాళ్లు ఎవరో చూస్తే కారణం అర్థమవుతుంది. పన్నెండేళ్లకు మించి చదివినవాళ్లకు కొంత రక్షణ దొరికింది. అందుకే మీ పట్టా చూసి నాకింత సంతోషం.

కానీ పట్టా ఒక్కటే చాలదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్‌వెల్ పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే స్థాయి అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపారు. దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. 2007లో అచ్చయిన అధ్యయనమిది. ఖాళీలు తగ్గే కాలంలో ‘మనవాడు’ అనే మాట ఇంకా బలపడుతుందని నా భయం.

పేరు కాగితానికెక్కితే ఏం మారుతుందో మన పల్లెలు చూశాయి. 2006లో ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే నల్లగొండ, పాలమూరు జిల్లాలు రెండూ ఉన్నాయి. మస్టర్‌లో పేరెక్కితే కూలీ అడిగే హక్కు వస్తుందని ఊరికి తెలిసింది అప్పుడే.

రేపు మీలో కొందరు సైటు ఇంజనీర్లవుతారు, కొందరు కార్మిక శాఖలో చేరతారు, కొందరు ఇతరులకు ఉద్యోగాలిచ్చే కుర్చీల్లో కూర్చుంటారు. మీ కింద పనిచేసే ప్రతి కూలీ పేరూ రికార్డుకు ఎక్కించండి. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేయించండి. దరఖాస్తు చేతికొచ్చినప్పుడు ఇంటిపేరు దగ్గర ఆగకుండా అర్హత దాకా చదవండి.