సర్టిఫికెట్ సరే, ఆర్డరు కాగితం ఏది?

(బడి వంట కార్మికుల సమావేశంలో ఒక కార్యకర్త ప్రసంగ పాఠం)



బళ్ళో అన్నం వండేవాళ్ళకు శిక్షణ ఇవ్వాలి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి అనే మాట వినపడుతోంది. శిక్షణ వద్దని నేననను. 2013 జూలైలో బీహార్ సారణ్ జిల్లా గండామన్ బడిలో అన్నం తిని 23 మంది పిల్లలు చచ్చిపోయారు. నూనెలో పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వండే మనిషి చెప్పిందనీ, బడి పెద్ద వినలేదనీ అప్పట్లో పేపర్లు రాసినై. ఆలోచించండి. ఆమెకు తెలియక జరిగిందా? తెలిసింది. ఆమె మాటకు విలువ లేదు. "ఈ నూనెతో నేను వండను" అనే హక్కు లేదు. ఆ హక్కు ఇచ్చే సర్టిఫికెట్ అయితే నెత్తిన పెట్టుకుందాం.

కానీ కాగితం మన మీదికే తిరగబడుతుంది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత స్త్రీ వండితే పైకులాల పిల్లలు తినమన్నారు. అధికార్లు కులం మాటెత్తలేదు. నియామకం పద్ధతి ప్రకారం జరగలేదని ఆమెను తీసేశారు! దేశమంతా గొడవయ్యాకే మళ్ళీ పెట్టుకున్నారు. వంట పనిలో దళితులకు, ఆదివాసులకు ముందు చోటివ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లోనే చెప్పింది. రేపు పది పాసైనోళ్ళకే సర్టిఫికెట్ అంటే ఆ తీర్పు ఏమయినట్టు? మన అక్క గేటు బయట నిలబడ్డట్టే.

మన దగ్గర 2003 జనవరి నుంచి బళ్ళల్లో పొయ్యి వెలుగుతోంది. ప్రైమరీ పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. వందమందికెంత? పది కిలోలు, రెండు కిలోలు, అయిదు కిలోలు. వంటక్క నోటిలెక్కన చెప్తుంది. ఆ వందమందికి వండేది ఇద్దరే. వండాలి, వడ్డించాలి, గిన్నెలు తోమాలి. అందుకే "కుక్ కం హెల్పర్" అని పేరు పెట్టారు, రెండు పనులకు ఒకటే పైసలు. అది కూడా జీతం కాదట, గౌరవ వేతనమట! కేంద్రం 2009లో నెలకు 1000 రూపాయలన్నది, ఏడాదిలో పది నెలలకే. పదిహేనేళ్ళు గడిచినా ఆ వెయ్యి వెయ్యిగానే ఉంది. ఆంధ్రాలో 2019లో రాష్ట్రం కలిపి 3000 చేసింది. ఇదేం గౌరవమో నాకైతే అర్థం కాలేదు. సర్పంచి మారితే వంటక్క మారే ఊళ్ళు ఇంకా ఉన్నాయి.

కాబట్టి మనం అడిగేది ఇదీ. ఇప్పటికే వండుతున్నవాళ్ళకే ముందు సర్టిఫికెట్ ఇవ్వాలి. పరీక్ష రాతలో కాదు, పొయ్యి దగ్గర పెట్టాలి. శిక్షణకు పోయిన రోజుకు కూలి కట్టియ్యాలి. పుచ్చిన పప్పు, పురుగు బియ్యం వస్తే వండనని చెప్పి, ఆ సంగతి రిజిస్టర్లో రాయించే అధికారం ఆమెకుండాలి. రాతపూర్వకంగా కారణం చెప్పకుండా ఎవర్నీ తీసెయ్యగూడదు.

ఇక్కణ్ణించి పోయినాక ప్రతి అక్కా బళ్ళో అడగండి, నా పేరు మీద ఆర్డరుందా అని. లేదంటే ఆ రోజే అర్జీ రాయించండి. సంతకం రాకపోతే వేలిముద్ర వెయ్యండి. ముట్టినట్టు సంతకం తీసుకుని ఒక నకలు మీ ఇంట్లో దాచుకోండి, ఒకటి సంఘానికి పంపండి.