ధ్వనికి, దృశ్యమునకు తగిన కంప్యూటరు

పెద్దల పాటలను, ఇంటి శుభకార్యముల వీడియోలను తామే కూర్చుకొనవలెనని ఉత్సాహపడువారు నేడు అనేకులు. అట్టివారు కంప్యూటరు కొనబోవునప్పుడు, దాని ధరకంటె ముందు తమ పనిని లెక్కించుకొనుట మంచిది.

ధ్వని మితాహారి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల ప్రమాణమున గంటసేపు స్టీరియోలో రికార్డు చేసినను పట్టునది ఇంచుమించు ఒక గిగాబైటు మాత్రమే. సామాన్యమైన ప్రాసెసరు, 16 గిగాబైట్ల మెమరీ ఈ పనికి చాలును. మిగిలిన సొమ్మును మంచి మైకునకు, హెడ్‌ఫోనులకు వెచ్చింపవచ్చును. కంప్యూటరు ఫ్యాను మోత చేయకుండుటయు ముఖ్యమే. ఆ మోత ఒకసారి గొంతుతో కలిసినచో వేరుచేయుట ఎంత కష్టమో స్టూడియోలో పనిచేయు మాకు తెలియును.

వీడియో సంగతి వేరు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసిన 4కె వీడియో గంటకు 45 గిగాబైట్లు ఆక్రమించును. దీనికి 32 గిగాబైట్ల మెమరీ, వేగముగల ఎస్.ఎస్.డి., కెమెరా కుదించి వ్రాసిన దృశ్యమును చురుకుగా విప్పగల గ్రాఫిక్సు చిప్పు ఉండవలెను.

ఇన్నియు చూచుకొని, పలువురు మరచునది రెండవ డిస్కు. ప్రాసెసరు చెడిన మరియొకటి కొనవచ్చును. ఉన్న ఒక్క డిస్కు చెడినచో, అందలి తాతగారి గొంతు ఏ అంగడిలోను దొరకదు. కావున ప్రాసెసరులో ఒక మెట్టు దిగియైనను రెండవ డిస్కు కొనవలెను. అన్నిటికిని దానిలో నకలు తీసి, దగ్గరి బంధువుల ఇంట దాచవలెను. ఆరు మాసములకొకసారి తెరచి, నకలు సరిగా పలుకుచున్నదో లేదో వినవలెను.