లాగ్ బుక్కులో రాయని గంటలు

పట్టాలు అందుకుంటున్న పిల్లలూ, ఇందాక నా గురించి చదివిన పరిచయంలో సగం తీసేసుకోండి. ముప్పై ఏళ్లకు పైగా సున్నం, సిమెంటు దుమ్ములో పనిచేసినవాణ్ణి, అంతే.

సున్నపు బట్టీల పిడుగురాళ్లలో పుట్టినవాడికి బడికి పోకముందే కెమిస్ట్రీ వస్తుంది. సంక్రాంతికి వెల్ల వేయడానికి మా ఇంట్లో పాత కుండలో రాతి సున్నం వేసి నీళ్లు పోసేవాళ్లు. కింద మంట లేదు, అయినా కుతకుత ఉడికేది. దగ్గరికి పోతే అమ్మ వీపు మీద ఒకటి వేసేది. బట్టీలో రాయి మింగిన వేడే అలా బయటికొస్తోందని కాలేజీకి వెళ్లాక గానీ నాకు తెలియలేదు.

తర్వాత తెలిసిన లెక్క ఇంకొకటుంది. వంద కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలిస్తే మిగిలే సున్నం 56 కిలోలు. తక్కిన 44 కిలోలూ కార్బన్ డయాక్సైడ్ అయి గాలిలో కలుస్తాయి. బొగ్గు పొగ దీనికి అదనం. మొన్న ఒక కుర్రాడు "బట్టీల దగ్గర సోలార్ పలకలు పెట్టేస్తే సరి కదా సార్" అన్నాడు. నాయనా, ఆ 44 కిలోలు రాయి కడుపులోవి. బొగ్గు పెట్టి కాల్చినా, సూర్యుణ్ణే దింపి కాల్చినా బయటికొస్తాయి. సిమెంటుదీ అదే కథ. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా రాయిదే. ప్రపంచం మొత్తం వదిలేదాంట్లో 7, 8 శాతం సిమెంటు ఖాతాలోదే. మా అమ్మ గోడకు వేసిన వెల్ల మాత్రం ఆ వాయువును నెమ్మదిగా మళ్లీ పీల్చుకుని గట్టిపడేది. ఆవిడకు ఆ సంగతి తెలియదు పాపం, తెలిస్తే మా నాన్న దగ్గర గొప్పలు పోయేది.

మరి అన్నీ మూసేద్దామా? అలా అనేవాళ్లను ఒక్క మే నెల రెంటచింతలలో రేకుల ఇంట్లో ఉంచాలని నా కోరిక. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి పడింది. 1958లో మాచర్లలో కె.సి.పి. సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. సాగర్ కుడికాలువ రాకముందు ఈ నేల మీద ఏం తినేవాళ్లో మీ తాతల్ని అడగండి. ఇల్లు, బడి, ఆసుపత్రి ఇంకా కట్టుకుంటున్న దేశం మనది. అన్నీ కట్టేసుకున్న దేశాలు మనకు సిమెంటు తగ్గించమని చెబుతుంటే, విస్తరి ముందు నుంచి లేచినవాడు ఉపవాసం మహిమ చెప్పినట్టుంటుంది.

అయితే ఆ మాట అడ్డం పెట్టుకుని మేం చేసిన పనులున్నాయి. ఇవాళ చెబుదామని వచ్చింది అదే.

1989. ఫ్యాక్టరీ పేరు అడగొద్దు. కరెంటు కోతల కాలం. రాత్రిళ్లు జనరేటర్ మీద నడిపేవాళ్లం. దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టరుకు పెద్ద ఫ్యాను ఉంటుంది. దాన్ని ఆపితే ఆ కరెంటు మిల్లుకు పనికొస్తుంది. చీకట్లో దుమ్మెవరు చూస్తారు? పైనుంచి కాగితం రాలేదు, నోటిమాటే వచ్చింది. ఆపింది నేను. డీజిలు ఆదా చేశానని భుజం తట్టారు కూడా.

మాఘమాసంలో ఒక ఉదయం ఒక రైతు తుండుగుడ్డలో మిరపకాయలు మూటగట్టుకొచ్చి నా బల్ల మీద పోశాడు. ఒక కాయ తీసి పంచెకు రుద్దాడు. రుద్దినచోట ఎర్రగా నిగనిగలాడింది. తక్కినదంతా బూడిద రంగు. రాత్రి మంచులో దుమ్ము తడిసి కాయకు అతుక్కుపోయింది. "బాబూ, చదువుకున్నోడివి, ఇదేం రకమో చెప్పు. మిర్చి యార్డులో నన్నడుగుతుండారు" అన్నాడు.

నేను లాగ్ బుక్కు తెరిచి చూపించాను. ఫిల్టరు రాత్రంతా నడిచినట్టే ఉంది. రాసింది నేనే కదా. ఆయనకు చదువు రాదు. పుస్తకం వంక చూసి, నా వంక చూసి, కాయలు ఒక్కొక్కటే ఏరుకుని మూటగట్టుకుని వెళ్లిపోయాడు. మా డీజిలు ఆదా ఆయన కళ్లంలో పడిందని ఏ ఖాతాలోనూ లేదు.

ఇప్పుడు రోజులు మారాయి, ఒప్పుకుంటాను. బాగా కాలుష్యం వదిలే 17 రకాల పరిశ్రమలకు, వాటిలో సిమెంటూ ఉంది, ఎప్పటికప్పుడు కొలిచే మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. మంచిదే. కానీ పొగగొట్టంలో మీటరుకు రోడ్డు మీద లారీ లేపే దుమ్ము కనిపించదు. ముక్కుకు కొంగు కట్టుకుని సున్నం బస్తాలు నింపే ఆడకూతురి దగ్గు వినిపించదు. చిన్న బట్టీ యజమానినీ తిట్టి లాభం లేదు. ఆ మీటర్లు, ఫిల్టర్ల ఖర్చు పెద్ద కంపెనీ మోసినంత తేలిగ్గా ఆయన మోయలేడు. అక్కడ చవకగా పనిచేసేదేదో కనిపెట్టాల్సింది మీలాంటివాళ్లే.

రాయి వదిలే కార్బన్ డయాక్సైడ్ తగ్గించే దారులూ లేకపోలేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద సిమెంటులో కలుస్తుంది. రాయి కాల్చి చేసే క్లింకరు సగం మాత్రమే వాడి, మిగతా చోట కాల్చిన బంకమట్టి, అసలు కాల్చనే కాల్చని సున్నపురాయి కలిపే సిమెంటుకు మన దేశంలో 2023లో ప్రమాణం వచ్చింది. మీ సిలబస్‌లో ఉందా? వెనక వరసలో ఫోను చూసుకుంటున్న బాబూ, నిన్నే. లేకపోతే అడగాలి కదరా! పరీక్షలో రాదని వదిలేసిందే రేపు మీకు అన్నం పెడుతుందేమో.

మీలో చాలామంది ఈ వారమే హైదరాబాదు బస్సెక్కుతారు. వెళ్లండి, కాదనను. ఇక్కడే ఆగిపోయినవాళ్లలో ఎవరో ఒకరికి ఏదో ఒక ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు పడుతుంది. ఫిల్టరు ఆపమని నోటిమాటగా చెబుతారు. ఆపనని నిలబడగలిగితే నాకంటే గొప్పవాళ్లు మీరు. కొత్త ఉద్యోగం, ఇంట్లో అప్పులు, నిలబడలేకపోవచ్చు. కనీసం ఎన్నింటికి ఆపారో, ఎన్నింటికి మళ్లీ వేశారో లాగ్ బుక్కులో ఉన్నదున్నట్టు రాయండి. కింద మీ పేరు కూడా పెట్టండి.