మిరప చేలోని ఇనుము మడ అడవిలో ఏమవుతుంది?

ఈ ఎపిసోడ్‌కి మీ దగ్గర ఒక అయస్కాంతం ఉంటే బాగుంటుంది. ఇంట్లో పాడైపోయిన స్పీకర్ ఉంటే, దాని వెనకాల ఉండే గుండ్రటి బరువైన ముక్క చాలు. దాన్ని పాలిథిన్ కవర్‌లో చుట్టండి. చుట్టకపోతే అంటుకున్న పొడి మళ్లీ ఊడి రాదు, ముందే చెప్తున్నా.

ఇప్పుడు మీ పత్తి చేలోదో మిరప చేలోదో బాగా ఎండిన మట్టి గుప్పెడు తీసుకోండి. మెత్తగా నలిపి, కాగితం మీద పోసి, అయస్కాంతాన్ని దాని మీద తిప్పండి. సన్నటి నల్ల రేణువులు వచ్చి అంటుకుంటాయి. సూర్యలంక బీచ్‌కో, చీరాల దగ్గర వాడరేవుకో వెళ్లినప్పుడు పొడి ఇసుకలో ఇదే చేసి చూడండి. ఇసుకలో నల్ల చారలు ఉన్నచోట ఇంకా ఎక్కువ అంటుకుంటాయి. ఆ రేణువుల్లో ముఖ్యమైనది మాగ్నటైట్. ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఖనిజం అది.

ఇది ఎక్కడిది? ఒక దారి మన పక్కనే ఉంది. ఒంగోలు దగ్గర కొణిజేడు కొండల్లో మాగ్నటైట్ ఉన్న ఇనుప రాయి ఉంది. రెండో దారి చాలా దూరం. కృష్ణానది పుట్టేది మహారాష్ట్రలో, మహాబలేశ్వరం దగ్గర. అక్కడి నుంచి దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. మొదట్లో అది పారే నేలంతా దక్కన్ నల్లరాయి, అంటే సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన బసాల్ట్. అందులో ఇనుము బాగా ఉంటుంది. ఆ రాయి అరిగి, పొడై, వరదల్లో బురదగా కొట్టుకొచ్చి సముద్రం దాకా వస్తుంది.

ఇక్కడిదాకా సింపుల్. ఇప్పుడు నిజాంపట్నం, రేపల్లె వైపు మడ అడవుల దగ్గరికి వెళ్దాం. తెల్ల మడ, నల్ల మడ, ఉప్పు పొన్న, తిల్ల... ఇవన్నీ ఉప్పునీళ్లలో బతికే చెట్లు. అదే నది తెచ్చిన అదే బురద అక్కడ పేరుకుంటుంది. మరి ఆ బురదని ఎండబెట్టి అయస్కాంతం పెడితే చేలో మట్టికి అంటుకున్నంత అంటుకోవాలి కదా? లోతు నుంచి తీసిన నల్ల బురదలో మామూలుగా అలా జరగదు, బాగా తగ్గిపోతుంది. మరి ఆ మాగ్నటైట్ ఏమైంది?

జవాబు ఆ బురద వాసనలోనే ఉంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. అది హైడ్రోజన్ సల్ఫైడ్.

జరిగేది ఏంటంటే, మడ ఆకులు రాలి బురదలో కూరుకుపోతాయి. పైన నీళ్లు, కింద మెత్తటి బంకమట్టి, గాలి దూరదు. ఆక్సిజన్ లేనిచోట బతికే బ్యాక్టీరియా ఆ ఆకుల్ని తినడానికి ఆక్సిజన్ బదులు సల్ఫేట్ వాడుకుంటాయి. సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది, కొదవే లేదు. అలా వాడుకుని సల్ఫైడ్‌ని బయటికి వదులుతాయి. ఆ సల్ఫైడ్ మాగ్నటైట్‌ని మెల్లగా కరిగించి, ఇనుముని గంధకంతో కలిపి పైరైట్‌గా మారుస్తుంది. పైరైట్‌లోనూ ఇనుము ఉంది, కానీ మన స్పీకర్ అయస్కాంతానికి అది అంటుకోదు. అంటే ఇనుము ఎక్కడికీ పోలేదు, రూపం మార్చుకుంది.

చెట్లు బోటనీ, సముద్రపు నీళ్లు కెమిస్ట్రీ, అయస్కాంతం ఫిజిక్స్ అని ఇంటర్‌లో మనకి వేరే వేరే పుస్తకాలు ఇస్తారు. ఆ బురదలో మూడూ కలిసే జరుగుతున్నాయి. ఇంకోటి చూడండి, మడ చెట్లకి నేలలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాస వేర్లు ఉంటాయి. వాటి ద్వారా గాలి కిందికి వెళ్తుంది. అందుకే వేరు చుట్టూ సన్నగా తుప్పు రంగు పొర, కాస్త పక్కకి వెళ్తే నల్ల బురద. ఒకే గుప్పెడు మట్టిలో రెండు రకాల కెమిస్ట్రీ!

సరే, దీనివల్ల మనకేంటి అంటారా? రెండు విషయాలు చెప్తా.

మొదటిది రొయ్యల చెరువులు. ఆ పైరైట్ నీళ్ల కింద, గాలి తగలకుండా ఉన్నంతకాలం ఎవరి జోలికీ రాదు. మడ కొట్టేసి, ఆ మట్టి తవ్వి గట్టు పోస్తే దానికి గాలి తగులుతుంది. అప్పుడు గంధకం సల్ఫ్యూరిక్ యాసిడ్ అవుతుంది. అవును, బ్యాటరీలో పోసే అదే యాసిడ్. వాన పడగానే గట్టు మీది యాసిడ్ చెరువులోకి దిగి నీళ్ల పీహెచ్ పడిపోతుంది, రొయ్య దెబ్బతింటుంది. రైతు సున్నం బస్తాలు పోస్తూనే ఉండాలి. థాయిలాండ్, ఇండోనేషియా లాంటి దేశాల్లో మడ నేలల్లో తవ్విన ఎన్నో చెరువుల్ని ఈ కారణంగా వదిలేశారు. అన్ని చెరువుల్లోనూ ఇలా అవుతుందని కాదు. పాత మడ నేల అయితే మాత్రం తవ్వే ముందే మట్టి పరీక్ష చేయించడం తెలివైన పని.

రెండోది, బురద రావడమే తగ్గిపోయింది. ఇది కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే ఇందులో మన వాటా ఉంది. 1967 నుంచి నాగార్జునసాగర్ కుడి కాలువ గుంటూరు, ప్రకాశం చేలకి నీళ్లిస్తోంది. మన పత్తి, మిర్చి దాని మీదే నిలబడ్డాయి. కానీ ఆనకట్ట నీళ్లతో పాటు బురదనీ ఆపుతుంది. శ్రీశైలం, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, పైన కర్ణాటక, మహారాష్ట్ర ఆనకట్టలు, అన్నీ అంతే. సముద్రం రోజూ కోసుకుపోయే ఒడ్డుని నది మళ్లీ నింపాలి, నింపడానికి దాని దగ్గర మట్టి లేదు. కృష్ణా డెల్టా తీరం పాతికేళ్ల పాటు ఏడాదికి సగటున 77 హెక్టార్లకి పైగా, అంటే సుమారు 190 ఎకరాలు కోతకి గురైందని అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు 2009లో వచ్చిన అధ్యయనంలో లెక్క కట్టారు. కొత్తగా పేరుకున్న నేల కంటే అది మూడు రెట్లు.

1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. దాదాపు 10 వేల మంది పోయారని ప్రభుత్వ లెక్క. అలల బలాన్ని తగ్గించే వాటిలో మడ అడవి ఒకటి. దాని కాళ్ల కింద నేలే జారిపోతుంటే అది ఎన్నాళ్లు నిలబడుతుంది?

ఇప్పుడు ఒడ్డు దాటి లోపలికి వెళ్దాం. నది బురద సముద్రం అడుగున పొరలు పొరలుగా పడుతుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు ఆ పొరల్ని పొడవాటి గొట్టాలతో తీసి, ఏ పొరకి అయస్కాంత గుణం ఎంత అని కొలుస్తారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2006లో తవ్వినప్పుడు ఒకచోట దాదాపు 130 మీటర్ల మందాన మీథేన్ మంచు, అంటే గ్యాస్ హైడ్రేట్ దొరికింది. కింది నుంచి మీథేన్ పైకి వచ్చినచోట సల్ఫైడ్ తయారవుతుంది, మాగ్నటైట్ కరుగుతుంది, ఒక్కోసారి గ్రైగైట్ అనే అయస్కాంత ఖనిజం పుడుతుంది. అంటే మీథేన్ ఎప్పుడు ఎక్కడ కదిలిందో అయస్కాంతమే చెప్తుంది. మడ బురదలో చూసిన కెమిస్ట్రీయే, చాలా లోతున.

2024లో అదే సంస్థ ఇంకో సంగతి బయటపెట్టింది. బంగాళాఖాతం అడుగు మట్టిలో 50 వేల ఏళ్ల నాటి పెద్ద మాగ్నటైట్ స్ఫటికాలు దొరికాయి. సూదిలా, బుల్లెట్‌లా ఉంటాయి. ఏవో జీవులు తమ ఒంట్లో తయారుచేసుకున్నవి, ఏ జీవులో ఇంకా తేలలేదు. వాటికి కావలసిన ఇనుముని మోసుకొచ్చింది నదులే.

మరి ఏం చేయొచ్చు? పాడైన మడ నేలల్లోకి ఆటుపోటు నీళ్లు వెళ్లేలా చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, మొక్కలు నాటే పద్ధతిని స్వామినాథన్ ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి కృష్ణా, గోదావరి మడల్లో చేసి చూపించాయి. మొక్క కంటే ముందు నీళ్ల దారి సరిచేయాలి, అదీ కిటుకు. ఉన్న మడని కొట్టకుండా ఉండటం దానికంటే చవక.

మీ చేలో మట్టిలో అయస్కాంతానికి ఎంత అంటుకుందో ఫోటో తీసి, ఊరి పేరుతో కామెంట్స్‌లో పెట్టండి. మడ అడవిలోకి మాత్రం ఒంటరిగా వెళ్లొద్దు, పోటు ఎప్పుడు ఎక్కుతుందో అక్కడి మత్స్యకారులకి తెలిసినట్టు మనకి తెలియదు. నచ్చితే మీ ఫ్రెండ్స్‌కి షేర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.