అమ్మార్ 404: ట్యునీషియా అసమ్మతి గొంతుల చరిత్ర



మా మాస్టారి పేరిట జరిగే ఈ సభలో మాట్లాడమని కబురు వచ్చినప్పుడు సంతోషంతో పాటు కాస్త జంకు కూడా కలిగింది. పరాయి గడ్డ మీద ఉండి సొంత దేశాన్నేలే ప్రభుత్వాన్ని ఎదిరించిన పత్రికల మీద ఆయన జీవితమంతా పనిచేశారు. 1913లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన గదర్ పత్రిక గురించీ, గదర్ పార్టీలో చేరిన మన దరిశి చెంచయ్య గారి గురించీ ఈ సభకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మీలో చాలామంది ఆ పాఠాలు ఆయన నోటే విన్నవాళ్లు. ఏ వ్యాసం పట్టుకెళ్లినా మాస్టారు ఒకటే అడిగేవారు: "పత్రిక బయట అచ్చయింది, బాగుంది. లోపల దాన్ని ఎవరు చదివారు? చదివినందుకు ఎవరు దెబ్బలు తిన్నారు?" ఆ ప్రశ్నతోనే నేను ట్యునీషియా చరిత్రలోకి దిగాను.

ముందు సంగతులు మీకు తెలిసినవే. 1956లో స్వాతంత్ర్యం, ముప్పై ఏళ్ల బూర్గీబా పాలన, 1987 నవంబర్ 7న ఆయన్ని పక్కకు తప్పించి గద్దెనెక్కిన బెన్ అలీ. 1990ల నాటి అచ్చు పత్రికలను దాటేస్తున్నాను, క్షమించాలి. రోజూ మొదటి పేజీలో అధ్యక్షుడి బొమ్మ చూడడం పరిశోధకుడికి కూడా శిక్షే. 1996లో ప్రభుత్వం ఒక ఇంటర్నెట్ సంస్థను పెట్టి, దేశంలోకి వచ్చే నెట్ మొత్తాన్ని దాని గుప్పిట్లో ఉంచిందన్నది మాత్రం గుర్తుంచుకోండి.

నా కథ 2001లో మొదలవుతుంది. జుహైర్ యహ్యావీ అనే యువకుడు "ఎత్తూన్సీ" అన్న మారుపేరుతో "ట్యూనెజీన్" అనే అంతర్జాల పత్రిక పెట్టాడు. అతనికి బంధువైన న్యాయమూర్తి మొఖ్తార్ యహ్యావీ, కోర్టులకు స్వేచ్ఛ లేదంటూ ఆ జూలైలోనే అధ్యక్షుడికి బహిరంగ లేఖ రాశాడు. ట్యూనెజీన్ దాన్ని లోకానికి చూపింది. ఏడాది తిరక్కుండానే న్యాయమూర్తి ఉద్యోగం ఊడింది.

జుహైర్ కోపం కన్నా వెటకారాన్నే ఎక్కువ నమ్మాడు. బెన్ అలీ మళ్లీ పోటీ చేయడానికి వీలుగా రాజ్యాంగాన్ని మార్చే రెఫరెండం 2002 మే 26న జరిగింది. 99 శాతానికి పైగా "అవును" అన్నారని ప్రకటించారు. జుహైర్ కూడా తన పత్రికలో పాఠకుల చేత ఓటు వేయించాడు. మన దేశం గణతంత్రమా, రాజుల రాజ్యమా, జూ పార్కా, జైలా, మీరే తేల్చండి అన్నాడు. రెఫరెండం అయిన తొమ్మిదో రోజు, జూన్ 4న, తాను పనిచేసే ఇంటర్నెట్ సెంటర్‌లోనే అతన్ని పట్టుకున్నారు. చిత్రహింసలు పెట్టి సైటు పాస్‌వర్డు చెప్పించారు.

కేసు పెట్టిన తీరు కాస్త దగ్గరగా చూడండి. అబద్ధపు వార్తలు వ్యాపింపజేసినందుకు 12 నెలలు. దానికి తోడు, పనిచేసే చోటి నెట్ కనెక్షన్‌ను దొంగతనంగా వాడుకున్నందుకు 16 నెలలు! అభిప్రాయం చెప్పిన నేరం కన్నా కనెక్షన్ దొంగిలించిన నేరమే పెద్దదయింది. రచయితను రచయితగా శిక్షిస్తే లోకం అడుగుతుంది, దొంగగా శిక్షిస్తే ఎవరడుగుతారు? అప్పీలులో 28 నెలలు 24 అయ్యాయి. జైల్లో అతను పదే పదే నిరాహారదీక్షలు చేశాడు. బయట, ఫ్రాన్స్‌లో ఉన్న అతని కాబోయే భార్య, మిత్రులు పత్రికను ఆగనివ్వలేదు. 2003 నవంబర్‌లో విడుదలయ్యాడు. 2005 మార్చి 13న గుండెపోటుతో పోయాడు. అప్పటికి 37 ఏళ్లు.

మాస్టారి ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడే ఉంది. పత్రిక నిలిచింది బయటివాళ్ల వల్ల. దెబ్బలు తిన్నది లోపలివాడు. ఈ ఇద్దరినీ విడదీసి ఏ ఒక్కరి చరిత్ర రాసినా అది సగం చరిత్రే.

ఇక సెన్సారు పనితనం. నిషేధించిన పేజీ తెరిస్తే "నిషేధం" అని కనబడేది కాదు. "404, పేజీ దొరకలేదు" అని వచ్చేది. అంటే తప్పు మీదే, అడ్రసు సరిగ్గా కొట్టలేదన్నమాట. జనం ఊరుకుంటారా? కంటికి కనబడని ఆ సెన్సారు ఉద్యోగికి "అమ్మార్ 404" అని పేరు పెట్టేశారు. కార్టూన్లు వేశారు, తిట్లు తిట్టారు, జోకులు చెప్పుకున్నారు. భయానికి ఒక పేరంటూ పెట్టుకున్నాక దాన్ని చూసి నవ్వడం తేలికైంది.

2004లో "నవాత్" అనే సామూహిక బ్లాగు పుట్టింది. పెట్టినవాళ్లలో సామీ బెన్ గర్బియా 1998లో దేశం విడిచి నెదర్లాండ్స్‌లో తలదాచుకున్నవాడు. "అస్త్రుబాల్" పేరుతో రాసిన రియాద్ గెర్ఫలీ ఫ్రాన్స్‌లో ఉన్న న్యాయశాస్త్రజ్ఞుడు. ఊరికి పోలేని ఈ మనుషులు, ఊళ్లో ఉన్నవాళ్లు చేయలేని పనులు చేశారు. సామీ ట్యునీషియా జైళ్లన్నిటినీ మ్యాపు మీద గుర్తుపెట్టి, ఏ జైల్లో ఎవరున్నారో చూపాడు. విమానాల ఫోటోలు తీయడం సరదాగా పెట్టుకున్నవాళ్లు ఐరోపా విమానాశ్రయాల్లో తీసి నెట్‌లో పెట్టిన బొమ్మలను అస్త్రుబాల్ ఏరుకొచ్చాడు. అధ్యక్షుడి విమానం ఎప్పుడు ఎక్కడ దిగిందో వరసగా పేర్చి 2007లో వీడియో చేశాడు. అధ్యక్షుడు అధికారికంగా వెళ్లిన ప్రయాణాలు చూస్తే కొన్నే. మరి ఖజానా సొమ్ముతో ఈ విమానం ఎవర్ని మోస్తోంది? ఒక్క రహస్యపత్రమూ లేకుండా, అందరికీ కనబడే ఫోటోలతో కట్టిన కేసు అది. చరిత్ర విద్యార్థులు దాన్ని పద్ధతి కోసమైనా చూడాలి.

ఇక్కడ నాకో పాత తగాదా ఉంది. దాన్ని చెప్పకుండా నేను వేదిక దిగనని మిత్రులకు తెలుసు. బెన్ అలీని గద్దె దించిన 2011 విప్లవం గురించి పండితులు రెండు జట్లయ్యారు. అది "ఫేస్‌బుక్ విప్లవం" అన్నవాళ్లు ఒక జట్టు. అంతకు కొద్ది నెలల ముందే రచయిత మాల్కమ్ గ్లాడ్‌వెల్, నెట్ పరిచయాలు పలచటి బంధాలు, ప్రాణం పణంగా పెట్టే పోరాటాలు వాటి మీద నిలవవు అని రాశాడు. ఆ వాదం పట్టుకుని, చేసిందంతా కార్మిక సంఘాలే, నెట్‌దేమీ లేదన్నవాళ్లు రెండో జట్టు. జుహైర్ బంధాలు పలచనివా? అతని పాస్‌వర్డు పోలీసుల చేతికి పోయాక కూడా పత్రికను నిలబెట్టిన బంధాలవి!

సరే, సంఘాల సంగతే చూద్దాం. 2008లో గఫ్సా ఫాస్ఫేట్ గనుల దగ్గర, రెదెయెఫ్‌లో, నెలల తరబడి తిరుగుబాటు నడిచింది. నిరుద్యోగులున్నారు, సంఘం మనుషులున్నారు, కోపం ఉంది. అయినా అది గనుల ప్రాంతం దాటలేదు. దేశంలో చాలామంది దాన్ని చూడనేలేదు. 2010 డిసెంబర్ 17న సిదీ బౌజిద్‌లో బండి మీద పళ్లమ్మే బువాజీజీ ఒంటికి నిప్పంటించుకున్నాక జరిగింది వేరు. అప్పటికి దాదాపు 20 లక్షల మంది ఫేస్‌బుక్‌లో ఉన్నారు, నిజమే. కానీ అందులో వచ్చే వీడియోకు తేదీ ఉండదు, ఊరి పేరుండదు, మాట స్థానిక యాస. వాటిని పోగుచేసి, ఎక్కడిదో ఎప్పటిదో తేల్చి, అనువదించి, అల్ జజీరాకు అందేలా చేసినవాళ్లలో నవాత్ మనుషులది పెద్ద చెయ్యి. టీవీ వాటిని నెట్ లేని ఇళ్లకు చేర్చింది. లోపలివాళ్లకూ బయటివాళ్లకూ మధ్య ఆ నమ్మకం, ఆ నేర్పు డిసెంబర్‌లో పుట్టినవి కావు. ట్యూనెజీన్ నాటి నుంచి పదేళ్లు పట్టింది. రెండు జట్లూ లెక్క మొదలుపెట్టేది డిసెంబర్ 17 నుంచి. అదే నా అభ్యంతరం.

ఒక సదస్సులో ఒక పెద్దాయన, "హాలండ్‌లో వెచ్చగా కూర్చున్నవాళ్లకు కిరీటాలు పెడుతున్నారు మీరు" అన్నారు. పదమూడేళ్లు సొంత గడప తొక్కలేకపోవడం వెచ్చదనమైతే, నాకు వాదించే ఓపిక లేదు. పైగా ఆ సామీయే 2010 సెప్టెంబర్‌లో, ఇంటర్నెట్ స్వేచ్ఛ పేరుతో అమెరికా ప్రభుత్వం చాచే చేతిని నమ్ముకోవద్దని అరబ్ కార్యకర్తలను హెచ్చరిస్తూ రాశాడు. విదేశీ డబ్బుకు ఆడే బొమ్మలని ప్రవాసులను ఆడిపోసుకునేవాళ్లు ఆ వ్యాసం ఒక్కటి చదివితే చాలు.

సభాధ్యక్షులవారు చీటీ పంపారు. గబగబా ముగిస్తాను. 2011 జనవరి మొదట్లో ప్రభుత్వం ఫేస్‌బుక్ పాస్‌వర్డులు దొంగిలించింది. 6న బ్లాగర్ స్లిమ్ అమామూను అరెస్టు చేశారు. 13 రాత్రి బెన్ అలీ సెన్సారు ఎత్తేస్తానన్నాడు, 14న దేశం విడిచి పారిపోయాడు. కొద్ది రోజులకే స్లిమ్ యువజన శాఖలో సహాయమంత్రి అయ్యాడు, మేలో రాజీనామా చేశాడు. కాల్పులు జరిగిన ఊళ్లకు వెళ్లి మృతుల ఫోటోలు తీసిన లీనా బెన్ మెహన్నీ 2020లో కన్నుమూసింది. ఆమెకు విడిగా ఒక ఉపన్యాసం బాకీ. సామీ ఇంటికి తిరిగొచ్చాడు. జుహైర్ పోయిన మార్చి 13ను ఇంటర్నెట్ స్వేచ్ఛా దినంగా ప్రకటించారు.

కానీ పదేళ్లు తిరిగేసరికి కథ మారింది. 2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేశారు. 2022 సెప్టెంబర్‌లో 54వ డిక్రీ వచ్చింది. అబద్ధపు వార్తకు అయిదేళ్ల జైలు, అది ప్రభుత్వాధికారి మీదైతే పదేళ్లు. ఇప్పుడు ప్రభుత్వానికి 404 వెనక దాక్కోవలసిన పని లేదు. పేజీ తెరుచుకుంటుంది, రాసినవాళ్లకు సమన్లు వెళతాయి. టీవీలో ఒక్క వ్యంగ్యపు మాటన్నందుకు న్యాయవాది సోనియా దహ్మానీని 2024 మేలో న్యాయవాదుల సంఘం కార్యాలయంలోనే పట్టుకున్నారు. మళ్లీ కొందరు జైలుకు, కొందరు పరాయి దేశాలకు.

నెట్ వల్లే విప్లవం వచ్చిందన్నవాళ్లు ఇప్పుడు నెట్ ఓడిపోయిందంటారు. నెట్‌దేమీ లేదన్నవాళ్లు మేమప్పుడే చెప్పాం కదా అంటారు. ఈ సభలోని పరిశోధక విద్యార్థులకు నా మనవి ఒకటే. ఇద్దరినీ పక్కన పెట్టండి. ఇవాళ లోపల ఎవరు రాస్తున్నారు, బయట ఎవరు దాన్ని అందుకుంటున్నారు, వాళ్ల మధ్య నమ్మకం ఎలా కుదురుతోంది, ఇప్పటి నుంచే నమోదు చేయండి. అది ఫలించే రోజున మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.